క్రిప్టో పన్ను లెక్క: సాఫ్ట్‌వేర్ చూపిన మొత్తాన్ని ఎలా సరిచూసుకోవాలి?

ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గరపడే కొద్దీ క్రిప్టో కరెన్సీల క్రయవిక్రయాలు చేసినవారిలో అనేకులు పన్ను లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయిస్తారు. ఎక్స్ఛేంజీ నుంచి తెచ్చుకున్న ఫైలును అందులో చేర్చితే చాలు, కొద్ది నిమిషాల్లోనే ఏడాది మొత్తంలో జరిగిన వందలాది లావాదేవీలు ఒక పట్టికగా మారి, లాభం ఇంత, పన్ను ఇంత అని తెరపై కనిపిస్తుంది. చేతితో వారాల తరబడి చేయవలసిన పనిని యంత్రం చేసిపెట్టడం మేలైన విషయమే. అయితే ఆ మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా రిటర్నులో నింపి సమర్పించడం వేరే విషయం. రిటర్నులోని వివరాలు సత్యమని ధ్రువీకరించేది పన్ను చెల్లింపుదారు. సాఫ్ట్‌వేర్ సంస్థలు తమ నిబంధనల్లో ఆ బాధ్యతను సాధారణంగా వినియోగదారుపైనే ఉంచుతాయి.

ఇతర పెట్టుబడుల లెక్కల్లో చిన్న పొరపాట్లు కొంతవరకు ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయి. ఒక వరుసలో లాభం ఎక్కువగా, మరో వరుసలో తక్కువగా నమోదైనా చివరి మొత్తం వాస్తవానికి దగ్గరగానే ఉండవచ్చు. భారతదేశంలో క్రిప్టో విషయంలో అలా జరగదు. ఇక్కడి చట్టం ప్రకారం ప్రతి వరుసా విడిగా నిలుస్తుంది.

నష్టాన్ని లెక్కలోకి తీసుకోని చట్టం

2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వు క్రిప్టో ఎక్స్ఛేంజీలకు బ్యాంకు సేవలను నిలిపివేసింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ తరువాత రెండేళ్లకు 2022 ఆర్థిక చట్టం ఈ ఆస్తులకు ‘వర్చువల్ డిజిటల్ ఆస్తి’ అనే పేరు పెట్టి, ఆదాయపు పన్ను చట్టంలో 115బీబీహెచ్ సెక్షన్‌ను చేర్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి వీటి బదిలీపై వచ్చే ఆదాయానికి 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు వర్తిస్తున్నాయి. అధిక ఆదాయం కలవారికి సర్‌ఛార్జి అదనం. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది. దానితో సెక్షన్ల సంఖ్యలు మారాయి కాని, 30 శాతం రేటు కొనసాగుతోంది.

రేటు కంటే ముఖ్యమైనవి దానికి జోడించిన షరతులు. కొనుగోలు ధర తప్ప మరే ఖర్చునూ ఆదాయం నుంచి మినహాయించుకోవడానికి వీలులేదు. మైనింగ్‌కు వెచ్చించిన మౌలిక సదుపాయాల ఖర్చును కొనుగోలు ధరగా పరిగణించబోమని 2022 మార్చిలో ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌధరి లోక్‌సభకు లిఖితపూర్వకంగా తెలిపారు. ఒక క్రిప్టోపై వచ్చిన నష్టాన్ని మరో క్రిప్టోపై వచ్చిన లాభంతో సర్దుబాటు చేయకూడదు. వచ్చే ఏడాదికి తీసుకుపోవడమూ కుదరదు. ఇతర ఆదాయం ఏదీ లేని వ్యక్తికి కూడా ఈ లాభంపై తొలి రూపాయి నుంచే పన్ను పడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తి లక్ష రూపాయలతో బిట్‌కాయిన్, మరో లక్షతో ఈథర్ కొన్నాడనుకుందాం. బిట్‌కాయిన్‌ను లక్షా 60 వేలకు, ఈథర్‌ను 40 వేలకు అమ్మాడు. పెట్టింది రెండు లక్షలు, తిరిగి వచ్చింది రెండు లక్షలు. చేతిలో లాభం లేదు. అయినా చట్టం దృష్టిలో అతని ఆదాయం 60 వేల రూపాయలు. దానిపై పన్ను 18 వేలు, సెస్సు 720, మొత్తం 18,720 రూపాయలు. ఈ నిబంధన న్యాయమా కాదా అన్న చర్చ 2022 నుంచీ సాగుతూనే ఉంది. రిటర్ను నింపేవారు మాత్రం అమలులో ఉన్న నిబంధననే పాటించాలి.

సాఫ్ట్‌వేర్‌లో మొట్టమొదట పరిశీలించవలసిన అంశం కూడా ఇదే. ఈ తరహా సాఫ్ట్‌వేర్లలో చాలా భాగం అమెరికా, ఐరోపా వినియోగదారుల కోసం రూపొందాయి. అమెరికాలో నష్టాన్ని లాభంలో సర్దుకోవచ్చు, ఏడాదికి మించి అట్టిపెట్టుకున్న ఆస్తికి తక్కువ రేటు వర్తిస్తుంది. సెట్టింగ్‌లలో దేశాన్ని భారతదేశంగా, కరెన్సీని రూపాయిగా, ఆర్థిక సంవత్సరాన్ని ఏప్రిల్ నుంచి మార్చిగా మార్చకపోతే, పై ఉదాహరణలోని వ్యక్తికి సాఫ్ట్‌వేర్ ‘నికర లాభం సున్నా’ అని చూపుతుంది. అమెరికాలో కొంతకాలం ఉద్యోగం చేసి హైదరాబాదుకో విజయవాడకో తిరిగివచ్చిన తెలుగువారు అక్కడి పాత ఖాతానే వాడుతూ ఉంటే, ఈ సెట్టింగ్‌ను తప్పక చూసుకోవాలి.

సొంత బదిలీ అమ్మకంగా మారినప్పుడు

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు వేరొకటి ఉంది. క్రిప్టో ఉన్నవారు దానిని ఒకేచోట ఉంచరు. ఎక్స్ఛేంజీలో కొని, భద్రత కోసం తమ సొంత వాలెట్‌కు పంపుకొంటారు. కొన్నాళ్లకు అక్కడి నుంచి మరో ఎక్స్ఛేంజీకి మార్చి అమ్ముతారు. బ్యాంకులో ఒక ఖాతా నుంచి మరో సొంత ఖాతాకు డబ్బు మార్చుకున్నట్టే ఇది. యాజమాన్యం మారలేదు కనుక పన్ను లేదు.

సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఆ సంగతి దానంతట అదిగా తెలియదు. మొదటి ఎక్స్ఛేంజీ ఫైలులో 0.5 ఈథర్ బయటికి వెళ్లినట్టు, రెండో చోట 0.499 ఈథర్ లోపలికి వచ్చినట్టు దానికి కనిపిస్తుంది. మధ్యలో పోయినది నెట్‌వర్కు రుసుము. పరిమాణం, సమయం దగ్గరగా ఉంటే సాఫ్ట్‌వేర్ ఈ రెంటినీ జతచేసి ‘బదిలీ’గా గుర్తిస్తుంది. వాలెట్ చిరునామాను చేర్చడం మరచిపోయినా, రుసుము వల్ల తేడా ఎక్కువగా ఉన్నా జత కుదరదు. అప్పుడు మొదటిది అమ్మకంగానో చెల్లింపుగానో, రెండోది ఎక్కడి నుంచో ఊడిపడిన ఆదాయంగానో నమోదవుతుంది.

ఇటువంటి ‘ఊడిపడిన’ నాణేలకు కొనుగోలు ధర సున్నాగా లెక్కకట్టడం చాలా సాఫ్ట్‌వేర్ల పద్ధతి. లక్షా 90 వేలకు కొన్న ఈథర్‌ను రెండు లక్షలకు అమ్మినవారి అసలు లాభం 10 వేలు, పన్ను సెస్సుతో 3,120 రూపాయలు. కొనుగోలు వివరం దొరకని సాఫ్ట్‌వేర్ మొత్తం రెండు లక్షలనూ లాభంగా చూపితే పన్ను 62,400 రూపాయలవుతుంది. నష్టంతో సర్దుబాటుకు అవకాశం లేదు కనుక ఈ తప్పును పట్టికలోని మరే వరుసా సరిదిద్దదు.

దీనికి విరుగుడు సులభమే, కాకపోతే ఓపిక కావాలి. వాడిన ఎక్స్ఛేంజీలు, వాలెట్లు అన్నిటినీ, ఇప్పుడు ఖాళీగా ఉన్నవాటినీ కలిపి, సాఫ్ట్‌వేర్‌లో చేర్చాలి. ఈ ఏడాది వివరాలు మాత్రమే చాలవు. ఈ ఏడాది అమ్మిన నాణెం మూడేళ్ల కిందట కొన్నది కావచ్చు కాబట్టి తొలి కొనుగోలు నుంచి చరిత్ర ఉండాలి. ఆ తరువాత ఒక్కో నాణెం నిల్వను పోల్చాలి. వాలెట్‌లో నిజంగా ఉన్నదీ, సాఫ్ట్‌వేర్ చూపేదీ ఒకటేనా? తేడా ఉంటే ఎక్కడో ఒక వరుస తప్పిపోయింది, లేదా రెండుసార్లు చేరింది. ఫైలు ద్వారా ఒకసారి, ఏపీఐ అనుసంధానం ద్వారా మరోసారి అవే లావాదేవీలు ప్రవేశించడం తరచుగా జరుగుతుంది. బ్లాక్‌చెయిన్‌పై జరిగిన ప్రతి బదిలీకీ ప్రత్యేకమైన గుర్తింపు సంకేతం ఉంటుంది. సందేహం వచ్చినచోట రెండువైపులా ఆ సంకేతం ఒకటేనని చూసుకుని, చేతితోనే జతచేయవచ్చు.

నిల్వల పోలికను చివర చేద్దామనుకునేవారు ఎక్కువ. నిజానికి అది మొదట చేయవలసిన పని. నిల్వ సరిపోకుండా లాభనష్టాల పట్టికను ఎంతసేపు చూసినా ప్రయోజనం లేదు.

పాత వివరాలు దొరకని సమస్య మన దేశంలో కొందరికి తీవ్రంగానే ఉంది. కోయినెక్స్ వంటి దేశీయ ఎక్స్ఛేంజీ 2019లోనే మూతపడింది. అటువంటి చోట కొని నేటికీ అట్టిపెట్టుకున్నవారు నాటి ఈమెయిల్ రసీదులను, బ్యాంకు ఖాతాలో డబ్బు వెళ్లిన నమోదులను వెదికి, కొనుగోలు ధరను చేతితో నమోదు చేసుకోవాలి. ఆధారంలేని ధరను ఊహించి రాస్తే విచారణలో నిలవదు.

ఇక ఒక నాణేన్ని ఇచ్చి మరో నాణెం తీసుకోవడం గురించి. రూపాయల్లోకి మార్చినప్పుడే పన్ను అన్న అపోహ ఇంకా విస్తృతంగా ఉంది. యూఎస్‌డీటీ ఇచ్చి సొలానా కొంటే, అది యూఎస్‌డీటీని బదిలీ చేయడమే అవుతుంది. ఆ నాటి విలువపై లాభం లెక్కించాలి. సాఫ్ట్‌వేర్ వీటిని ‘మార్పిడి’ అనే శీర్షిక కింద చూపుతుంది. ఆ వరుసలన్నీ పన్ను నివేదికలోకి వచ్చాయో లేదో విడిగా చూడాలి.

ఎయిర్‌డ్రాప్‌గానో స్టేకింగ్ ప్రతిఫలంగానో వచ్చిన నాణేలను అందుకున్న రోజు విలువ మేరకు ఇతర ఆదాయంగా చూపి, అమ్మినప్పుడు ఆ విలువనే కొనుగోలు ధరగా తీసుకోవడం ఎక్కువమంది చార్టర్డ్ అకౌంటెంట్లు అనుసరించే పద్ధతి. చోరీకి గురైన నాణేల సంగతి మరింత క్లిష్టం. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు దొంగల పాలయ్యాయి. సాఫ్ట్‌వేర్‌లో ‘పోయినవి’ అని గుర్తుపెడితే కొన్ని దేశాల నిబంధనల ప్రకారం అది నష్టంగా లెక్కకట్టి లాభం నుంచి తీసివేయవచ్చు. 115బీబీహెచ్ సెక్షన్‌లో అటువంటి మినహాయింపు లేదు. మొత్తం పెద్దదైతే నిపుణుని సంప్రదించడమే మార్గం.

తేదీ, ధర, క్రమం

విదేశీ ఎక్స్ఛేంజీల ఫైళ్లలో సమయం సాధారణంగా యూటీసీలో ఉంటుంది. భారత కాలమానం దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున రెండు గంటలకు జరిగిన అమ్మకం ఆ ఫైలులో మార్చి 31 రాత్రి ఎనిమిదిన్నరగా కనిపిస్తుంది. అంటే ఒక ఆర్థిక సంవత్సరంలో పన్ను కట్టవలసిన లావాదేవీ మరో సంవత్సరంలోకి జారిపోతుంది. కాలమానం సెట్టింగ్‌ను మార్చడానికి అర నిమిషం పడుతుంది.

తేదీ రాసే తీరుతోనూ చిక్కు ఉంది. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో మార్చి 4. మొదటిది 2025-26 ఆర్థిక సంవత్సరం, రెండోది 2024-25. సీఎస్‌వీ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి భద్రపరిచినప్పుడు తేదీల వరుస తారుమారు కావడమే కాక, ఎనిమిది దశాంశ స్థానాల వరకు ఉండే బిట్‌కాయిన్ పరిమాణాలు కుదించుకుపోయే ప్రమాదం ఉంది. ఎక్స్ఛేంజీ ఇచ్చిన మూల ఫైలును ముట్టుకోకుండా దాచి, నకలుపై పనిచేయడం మంచిది.

రూపాయలతో కొని, రూపాయలకు అమ్మిన చోట నిజంగా చేతులు మారిన మొత్తమే ధర. సాఫ్ట్‌వేర్లు కొన్నిసార్లు అంతర్జాతీయ డాలరు ధరను మారకపు రేటుతో గుణించి వాడుతుంటాయి. దేశీయ మార్కెట్‌లో, ముఖ్యంగా యూఎస్‌డీటీకి, రూపాయి ధర ఆ లెక్కకు భిన్నంగా ఉంటుంది. యాదృచ్ఛికంగా నాలుగైదు వరుసలు తీసుకుని బ్యాంకు ఖాతాతో పోల్చితే తేడా ఉందో లేదో తెలిసిపోతుంది.

ఏ విడతలో కొన్న నాణేన్ని అమ్మినట్టు భావించాలన్నది మరో ప్రశ్న. ఒక ఈథర్‌ను లక్షా 50 వేలకు, తరువాత మరొకదానిని రెండున్నర లక్షలకు కొని, ఒకదానిని రెండు లక్షల 40 వేలకు అమ్మితే, ముందు కొన్నదే ముందు అమ్మినట్టు లెక్కించినప్పుడు లాభం 90 వేలు. సగటు ధరతో లెక్కిస్తే 40 వేలే. పన్నులో తేడా 15,600 రూపాయలు. 115బీబీహెచ్ సెక్షన్ ఏ పద్ధతినీ పేరుపెట్టి చెప్పలేదు. ముందు కొన్నది ముందు అన్న పద్ధతినే ఎక్కువగా అనుసరిస్తున్నారు. పద్ధతి ఏదైనా, లాభం తగ్గేలా ఏడాదికొకటి మార్చడం ప్రశ్నలకు తావిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీట నొక్కితే పద్ధతి మారుతుంది, పాత సంవత్సరాల లెక్కలూ దానితోపాటే మారిపోతాయి. అందుకే సమర్పించిన ఏడాది నివేదికను దింపుకుని భద్రపరచుకోవాలి.

టీడీఎస్‌తో సరిపోల్చడం

2022 జూలై 1 నుంచి 194ఎస్ సెక్షన్ కింద అమ్మకం విలువపై ఒక శాతం పన్నును మూలం వద్దనే కోస్తున్నారు. ఇది లాభంపై కాదు, విలువపై. లక్ష రూపాయలతో మొదలుపెట్టి, ధర మారకుండానే 50 సార్లు అమ్మి తిరిగి కొన్న వ్యక్తి విషయంలో ఒక్కోసారి ఒక శాతం చొప్పున సుమారు 39 వేల 500 రూపాయలు టీడీఎస్‌గా వెళ్లిపోతాయి. అతని వార్షిక సమాచార నివేదికలో దాదాపు 39 లక్షల 50 వేల రూపాయల అమ్మకాలు కనిపిస్తాయి. ఆ అంకెను చూసి ఆందోళన చెందేవారున్నారు. అది ఆదాయం కాదు, అమ్మకాల మొత్తం. రిటర్ను వేస్తే, చెల్లించవలసిన పన్ను పోను మిగిలినది వాపసు వస్తుంది. పన్ను పరిధిలోకి రాని విద్యార్థులు, గృహిణులు సైతం ఆ డబ్బు తిరిగి పొందాలంటే రిటర్ను వేయవలసిందే.

పరిశీలనలో ఈ దశ అత్యంత ఉపయోగకరమైనది. ఎందుకంటే ఇక్కడ మొదటిసారిగా సాఫ్ట్‌వేర్ లెక్కను బయటి ఆధారంతో పోల్చే వీలు కలుగుతుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లోని 26ఏఎస్ పత్రం, వార్షిక సమాచార నివేదిక ప్రభుత్వం వద్ద ఉన్న సమాచారాన్ని చూపుతాయి. సాఫ్ట్‌వేర్‌లోని దేశీయ అమ్మకాల మొత్తం, టీడీఎస్ మొత్తం వాటితో సరిపోలాలి. ఎక్స్ఛేంజీ రుసుము, దానిపై జీఎస్‌టీ తీసివేసిన నికర మొత్తంపైనే టీడీఎస్ లెక్కిస్తారు కనుక స్వల్ప తేడా సహజం. తేడా పెద్దదైతే వెతకాలి. పోర్టల్‌లోని వివరమే తప్పని తేలితే అక్కడే అభ్యంతరం నమోదు చేసే సౌకర్యం ఉంది.

నాణేనికి నాణెం మార్చుకున్నప్పుడు టీడీఎస్‌ను నాణెం రూపంలోనే కోస్తారు. సాఫ్ట్‌వేర్ దానిని రుసుముగానో ఉపసంహరణగానో భావిస్తే, నిల్వా తప్పుతుంది, వాపసు రావలసిన టీడీఎస్ కూడా లెక్కకు రాకుండా పోతుంది.

వ్యక్తుల మధ్య నేరుగా జరిగే కొనుగోళ్లలో పన్ను కోయవలసిన బాధ్యత కొనుగోలుదారుదే. వ్యాపార ఆదాయం లేని వ్యక్తులకు ఏడాదికి 50 వేల రూపాయల వరకు, ఇతరులకు 10 వేల వరకు మినహాయింపు ఉంది. ఆ పరిమితి దాటితే, వ్యాపార ఆదాయం లేని కొనుగోలుదారు కూడా పన్ను జమచేయాలని నిబంధన. విదేశీ ఎక్స్ఛేంజీల్లో టీడీఎస్ కోత లేకపోయినంత మాత్రాన ఆ లాభం పన్నుకు అతీతం కాదు.

రిటర్నులో ఈ వివరాలను షెడ్యూల్ వీడీఏలో ఇవ్వాలి. కొన్న తేదీ, బదిలీ చేసిన తేదీ, కొనుగోలు ధర, అందుకున్న మొత్తం, ఆదాయం అందులోని గళ్లు. ఐటీఆర్-1, ఐటీఆర్-4 ఫారాల్లో ఈ షెడ్యూల్ లేదు. వేతన జీవులు ఐటీఆర్-2, వ్యాపారంగా చేసేవారు ఐటీఆర్-3 వాడాలి. నష్టం వచ్చిన వరుసల్లో ఆదాయం సున్నాగా ఉండాలే తప్ప రుణ సంఖ్యగా ఉండకూడదు. సాఫ్ట్‌వేర్ నివేదికను రిటర్నులోకి ఎక్కించే ముందు చివరిసారిగా చూడవలసిన గడి ఇదే.

తప్పు బయటపడితే

2023 మార్చిలో క్రిప్టో సేవా సంస్థలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. ఎక్స్ఛేంజీలు లావాదేవీల వివరాలను ఆదాయపు పన్ను శాఖకు అందించాలని 2025 ఆర్థిక చట్టం నిర్దేశించింది. సోదాల్లో బయటపడిన వెల్లడించని ఆదాయం నిర్వచనంలోనూ క్రిప్టోను చేర్చింది. ఆదాయాన్ని తక్కువగా చూపితే ఎగవేసిన పన్నుపై 50 శాతం, తప్పుడు వివరాలు ఇస్తే 200 శాతం జరిమానా పడవచ్చు.

గడువులోపు పొరపాటు గమనిస్తే సవరించిన రిటర్ను వేయవచ్చు. ఆ గడువూ దాటితే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది. సంబంధిత మదింపు సంవత్సరం ముగిసినప్పటి నుంచి నాలుగేళ్ల వరకు దానికి అవకాశం ఉన్నా, పన్ను తగ్గించుకోవడానికి లేదా వాపసు కోరడానికి అది పనికిరాదు. అంటే సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల అధికంగా కట్టినవారికి ఆ దారి మూసుకున్నట్టే. తక్కువ కట్టినవారు తొలి ఏడాదిలో 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70 శాతం అదనపు పన్ను చెల్లించాలి. తొలి ఉదాహరణలోని 18,720 రూపాయలను ఎవరైనా వదిలేసి ఉంటే, వడ్డీని కలపకుండా లెక్కించినా అదనంగా తొలి ఏడాదిలో 4,680 రూపాయలు, నాలుగో ఏడాదికి 13,104 రూపాయలు కట్టవలసి వస్తుంది.